షిజుయె గారి నిద్రనీళ్ళు

మా సందులో నిద్ర పట్టనివాళ్ళకి కొదవ లేదు గానీ, వాళ్ళందరికీ నిద్ర పట్టించడం తన పూచీ అనుకున్న మనిషి మాత్రం ఒక్కతే. షిజుయె గారు. డెబ్బై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకి వంట చేసి రిటైరైంది. నాలుగు వందల మందికి పులుసు కాచిన చెయ్యి అది. ఆ చేత్తో ఒక్క గ్లాసుడు ఏదైనా కాచమనండి, ఆవిడ వల్ల కాదు. ఏది మొదలెట్టినా బిందెడు అవుతుంది. ఆ బిందెడూ ఎవరో ఒకరు తాగాలి.

నా పేరు మసాయో. ఆవిడ ఇంటికి సరిగ్గా ఎదురుగా లాండ్రీ నాది. క్యోటో ఎండాకాలంలో రోజంతా ఇస్త్రీ ఆవిరి ముందు నిలబడే మనిషి నోట్లోంచి తేనె కారదు. కాబట్టి నా మాట కాస్త కరుకుగా ఉంటే సర్దుకుపోండి. సర్దుకోకపోయినా నేను మారేదేం లేదు.

అసలు సంగతి నిరుటి వేసవిలో మొదలైంది. సందు చివర ఇంట్లో మినెకో గారని ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఒక రాత్రి ఆ ఉక్కకి ప్రాణం పోయింది. మాకు తెలిసింది మూడో రోజు. రెండు రోజులు తలుపు తియ్యలేదు, దీపం వెలగలేదు. అందరం చూశాం. కూతురింటికి వెళ్ళిందేమోలే, అడిగితే ఏం బాగుంటుంది, మనకెందుకు అనుకున్నాం. మర్యాదస్తులం కదా! మా సందులో మర్యాదకి లోటు వచ్చిందంటే ఎవరూ ఊరుకోరు. మనిషి పోతే మాత్రం మూడు రోజులు ఊరుకుంటారు.

అప్పట్నించి షిజుయె గారికి కంటి మీద కునుకు లేదు. ఇంకొకరు అలా తలుపు మూసుకుని పోకూడదు, అంతే. అదే ఆవిడ పట్టు. సందులో ఒంటరి ముసలివాళ్ళు ఇంకా నలుగురున్నారు. అయితే ఇంటింటికీ వెళ్ళి "బతికే ఉన్నారా?" అని అడగడం ఎలా? క్యోటోలో పుట్టిన మనిషి నోట అలాంటి మాట రావడమే! దానికి బదులు ఈ ఏడు వేసవి రాగానే ఈవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. పొద్దుగూకే వేళ, ఉక్కలో హాయిగా నిద్ర పట్టడానికని చెప్పి, ఒక సీసాలో ఏదో పానీయం పోసి ఇచ్చి రావడం. పొద్దున్నే వాళ్ళు ఖాళీ సీసా కడిగి తిరిగి ఇవ్వాలి. సీసా వచ్చిందంటే మనిషి ఉన్నట్టు.

సీసా ఉత్తినే తిరిగి ఇవ్వడం మాలో లేదు. ఎవరి గిన్నైనా సరే, వెనక్కిచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి పెట్టాలి. ఏమీ లేకపోతే తెల్ల కాగితం ఒకటి మడిచైనా పెట్టాలి. ఆవిడకి ఆ లెక్కంతా తెలుసు. బాకీ పడ్డవాడు పొద్దున్నే లేచి తీర్చక తప్పదు కదా.

ఇక ఆ పానీయాల సంగతి. మా సందువాళ్ళ సంఘానికి నోటీసు అట్ట ఒకటుంది, అది ఇంటింటికీ తిరుగుతుంది, చదివినట్టు ముద్ర వేసి పక్కింటికి పంపాలి. దానికి ఈవిడ ఓ చీటీ తగిలించింది. "వేడి రాత్రుల్లో చల్లని నిద్ర, మొదటి వారం" అని. మొదటి వారం వేయించిన బార్లీ నీళ్ళు. సరే, అవి ఎవరింట్లోనైనా ఉండేవే, పసిపిల్లలు కూడా తాగుతారు. రెండో వారం బెల్లం రంగులో అల్లం పాకం. అల్లం ఎంత వేసిందో గానీ, నిద్ర సరే, నాకు మూడు గంటలు ముక్కు కారింది. మూడో వారం పాలగుండ జావ, వేడివేడిగా. బయట గాలాడక చస్తుంటే వేడి జావ!

"లోపల వేడి పడితే ఒళ్ళు చెమట పట్టి చల్లబడుతుంది మసాయో, నీకు తెలీదు" అంది.

"నాకు పొద్దుట్నించీ చెమట పడుతూనే ఉందండీ. ఇంకా చల్లబడలేదు" అన్నాను.

"నీకు ఇస్త్రీకి పట్టే చెమట వేరు, జావకి పట్టే చెమట వేరు."

ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు బళ్ళో హెడ్ మాస్టర్లతో సహా ఎవరూ లేరట.

నలుగురిలో ముగ్గురు వారం తిరక్కుండానే తప్పించుకున్నారు. ఒకాయన కూతురు ఏసీ పెట్టించింది. ఇంకొకావిడ "మా డాక్టరు వద్దన్నారు" అని ఏ డాక్టరూ అనని మాట అనేసింది. మరొకాయన సాయంత్రం ఐదింటికే దీపాలార్పి ఇంట్లో లేనట్టు నటించేవాడు. మిగిలింది ఒక్క తొకునాగా గారు.

ఆయన షిజుయె గారికి పక్కిల్లే. ఎనభై నాలుగేళ్ళు. సిటీ బస్సు నడిపాడు ఉద్యోగం చేసినన్నాళ్ళూ. వచ్చే స్టాపు పేరు చెప్పడం తప్ప ఆయన నోట ఇంకో మాట ఎవరూ విని ఎరగరు. రిటైరయ్యాక ఆ స్టాపుల పేర్లు కూడా మానేశాడు. ఇంట్లో ఏసీ ఉంది, వెయ్యడు. "నేను నడిపిన మొదటి బస్సులో ఫ్యానే లేదు" అంటాడు. అది బస్సు, ఇది కొంప, ఏసీ వెయ్యమని షిజుయె గారు సందులో అందరికీ చెప్పినట్టే చెప్పినా ఎక్కదు. ఆవిడ గుండెల మీద కుంపటి అంటే ఆయనే. ఈ ఏడు పోయేది ఈయనే అని ఆవిడకి గట్టిగా అనిపించింది. నాక్కూడా అలాగే అనిపించిందనుకోండి.

ఆయన మాత్రం పెద్దమనిషి. సాయంత్రం సీసా అందుకుంటాడు, నడుం వంచి దణ్ణం పెడతాడు. పొద్దున్న ఆరుకి పావు గంట ముందు కడిగిన సీసా ఆవిడ గడప మీద పెడతాడు. దాని మూతకి కాగితంలో చుట్టిన నాలుగు వేపుడు గింజలో, రెండు బియ్యపు బిళ్ళలో కట్టి ఉంటాయి. చిన్న చీటీ కూడా. "చాలా బాగుంది." ఆరు కొట్టేసరికి ఆవిడ తలుపు తీసి సీసా లోపల పెట్టుకుంటుంది. తర్వాత నా షట్టరు ముందు నిలబడి చాటింపు.

"చూశావా, నిన్నటి జావ బాగుందిట. ఆయన మొహంలో కళ వచ్చింది గమనించావా?"

నేను చూస్తే మొహం ఎప్పటిలాగే బస్సు టికెట్టులా ఉంది. ఆ మాట పైకి అనలేదు, కోడలు పిల్లలా తలూపాను.

జూలై ఆఖర్లో, మా ఊరి ఉత్సవంలో రథాలు లాగడం అయిపోయాక, ఒక చోద్యం జరిగింది. ఓ మధ్యాహ్నం ఆవిడ రొప్పుకుంటూ నా లాండ్రీలోకి పడింది.

"మసాయో! చంపేశానే! ఆయన్ని చంపేశాను!"

"ఎవర్ని? ఎప్పుడు?"

సంగతేమిటంటే, ఫ్రిజ్‌లో రెండు సీసాలున్నాయి, ఒకే రకం, ఒకే రంగు నీళ్ళు. ఒకదాంట్లో మళ్ళీ మొదలెట్టిన బార్లీ నీళ్ళు. ఇంకోదాంట్లో చల్లటి నూడుల్స్ ముంచుకు తినే సోయా రసం, చేపల ఎసరు పోసి చిక్కగా కాచింది. ఇలాంటి పొరపాటు మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఏడాదికోసారి జరుగుతుంది, పిల్లాడెవడో గడగడా తాగేసి ఉమ్మేస్తాడు, అందరూ నవ్వుతారు. కాకపోతే ఈవిడ పొరపాటు కూడా బిందెల్లెక్కనే చేసింది. మధ్యాహ్నం నూడుల్స్ ముంచుకు తింటే అవి బార్లీ నీళ్ళట. అంటే ముందు రోజు సాయంత్రం ఆ ముసలాయనకి ఇచ్చింది సీసాడు ఉప్పు రసం.

"బీపీ మనిషి! సీసాడు ఉప్పు తాగి పడుకున్నాడు!"

"పొద్దున్న సీసా వచ్చిందా?"

"వచ్చింది. చీటీ కూడా వచ్చింది."

చీటీ చూపించింది. "చాలా బాగుంది. రుచి గాఢంగా ఉంది" అని రాసి ఉంది.

నాకు నవ్వాగలేదు. ఇస్త్రీ పెట్టె కింద చొక్కా కాలి వాసనొచ్చేదాకా నవ్వాను. ఆవిడ మాత్రం నిజంగా ఏడుస్తోంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాను.

"వెళ్ళి అడగండి, ఒంట్లో ఎలా ఉందో" అన్నాను.

"ఎలా అడగను? అడిగితే నేనిచ్చింది ఏమిటో చెప్పాలి. చెప్తే, బాగుందని రాసినందుకు ఆయన సిగ్గుతో చచ్చిపోతాడు. నువ్వు అడుగు, ఊరికే పలకరించినట్టు."

వెళ్ళాను. తొకునాగా గారు గుమ్మం ముందు మార్నింగ్ గ్లోరీ పూల కుండీల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. మూడు కుండీలు కళకళలాడుతున్నాయి, నాలుగోది తోటకూర కాడలా వేలాడిపోయింది. నాకు మెరుపులా తట్టింది.

"తొకునాగా గారూ, షిజుయె గారి సీసాలు ఇందులో పోస్తున్నారా?"

ఆయన వాడిపోయిన తీగని వేలితో ఎత్తి చూశాడు.

"జావ వీటికి పడలేదు. అల్లం పాకానికి చీమలు పట్టాయి. బార్లీ నీళ్ళు బాగా పడ్డాయి. నిన్నటిది ఏమిటో గానీ, పాపం, ఇది తట్టుకోలేదు."

"ఒక్కటీ తాగలేదా?"

"ఈ వయసులో చీకటి పడ్డాక ఏది తాగినా రాత్రి మూడుసార్లు లేవాలమ్మా. పడక మేడ మీద, మా మెట్లు నిటారుగా ఉంటాయి. ఆవిడిచ్చే నిద్రనీళ్ళు తాగితే నాకు నిద్రే ఉండదు."

నాకు ఒళ్ళు మండింది. "మరి వద్దని చెప్పచ్చుగా! నెల్రోజుల్నించి రోజూ దణ్ణాలెందుకు, ఆ చీటీలెందుకు?"

ఆయన గొంతు తగ్గించాడు. "చెప్తే ఇవ్వడం మానేస్తుంది. మానేస్తే నేను పొద్దున్నే ఆవిడ గడప మీద సీసా పెట్టడానికుండదు. ఆవిడ ఒక్కతీ ఉంటుందమ్మా. ఆరింటికి సీసా తీసుకోడానికి తలుపు తీస్తుంది. ఆ చప్పుడు విన్నాకే నేను టీ పెట్టుకుంటాను. నిరుడు మినెకో గారికి అలా జరిగింది కదా."

ఈవిడ ఆయనకి కాపలా, ఆయన ఈవిడకి కాపలా. ఆ మాట ఒకరికొకరు అనుకోడానికి ఇద్దరికీ నోట్లో నాలుక లేదు. నేనైనా చెప్పచ్చు కదా అంటారా? చెప్పలేదు. చెప్తే ఇద్దరూ మొహమాటపడి మానుకుంటారని ఒక కారణం. ఎదురుగా కూర్చుని రోజూ చూడ్డానికి భలే కాలక్షేపంగా ఉందని ఇంకో కారణం. రెండోదే అసలుది. షిజుయె గారితో మాత్రం "ఆయన బాగానే ఉన్నారు, ఏం కాలేదు" అన్నాను. ఆవిడ ఆ రాత్రి నుంచి రెండు సీసాలకీ రంగు దారాలు కట్టింది.

ఆగస్టు రెండో వారం. రాత్రి కూడా వేడి తగ్గలేదు, గోడలు కాలుతున్నాయి. పొద్దున్న ఆరూ ఇరవైకి షట్టరు ఎత్తాను. ఎదురుగా షిజుయె గారి గడప మీద సీసా అలాగే ఉంది. పక్కన తొకునాగా గారు చీపురు పట్టుకుని నిలబడి ఉన్నారు.

మా సందులో పొద్దున్నే ఎవరి గుమ్మం వాళ్ళు ఊడ్చుకుని నీళ్ళు చల్లుకుంటారు. పక్కింటి వైపు ఓ జానెడు కలిపి ఊడ్వాలి. ఆ జానెడు మానేస్తే పొగరు. జానెడు దాటితే, మీకు చేతకావడం లేదని ఎత్తిపొడిచినట్టు. ఆయన తన గుమ్మం ఊడ్చాడు, జానెడూ ఊడ్చాడు. ఆ గీత దగ్గర ఆగి నిలబడ్డాడు.

"ఇంకా లేవలేదేమో" అన్నాడు నన్ను చూసి.

"ఒక్కోరోజు కునుకు పడుతుందిగా" అన్నాను నేను. మహా తెలివైనదాన్ని.

"తలుపు కొడితే... ఏడన్నా కాలేదు."

"అవును, ఏడు కానివ్వండి."

ఏడింటికి ముందు ఒకరి తలుపు కొట్టడం మర్యాద కాదు. అది మాకు తల్లిపాలతో పట్టించిన సంగతి. నేను లోపలికెళ్ళి ఆవిరి పెట్టె వేడెక్కడానికి పెట్టాను. తిరిగొచ్చి చూస్తే ఆయన ఆ గీత దాటి ఊడుస్తున్నాడు. రెండు జానలు. మూడు. చీపురు పుల్లలు గట్టిగా చప్పుడయ్యేలా. లోపలివాళ్ళకి వినపడితే కోపంతోనైనా బయటికి వస్తారని. ఆవిడ గుమ్మం ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఊడ్చేశాడు. ఎవరూ రాలేదు.

ఏడుకి ఐదు నిమిషాలుందనగా ఆయన చీపురు పారేశాడు. "షిజుయె!" అని అరిచాడు. గారూ లేదు, ఏమీ లేదు. అంత గొంతు ఆ మనిషిలో ఉందని ఎవరికి తెలుసు? సందంతా కిటికీలు తెరుచుకున్నాయి. గడప మీది సీసా తీసి తలుపు గడియ పక్కనున్న అద్దం బద్దలు కొట్టాడు. చెయ్యి దూర్చి గడియ తీశాడు. చెయ్యి తెగిందని ఆయన చూసుకోలేదు, నేనే చూశాను.

ఆవిడ వంటింట్లో నేల మీద పడి ఉంది. ఒళ్ళు నిప్పులా కాలుతోంది. చెమటన్నది లేదు. నాలుగింటికే లేచి బార్లీ వేయించి బిందెడు నీళ్ళు మరిగించింది, ఆ వేళప్పుడు వాసనకీ చప్పుడుకీ పక్కవాళ్ళ నిద్ర చెడుతుందని కిటికీలన్నీ బిగించుకుని మరీ. పొయ్యి దానంతటదే ఆరిపోయే రకం కాబట్టి కొంప అంటుకోలేదు. గోడకి ఏసీ ఉంది. దాని రిమోటు ఇంకా కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. సందులో అందరికీ ఏసీ గురించి పాఠం చెప్పిన మనిషి! అంబులెన్సు వచ్చేలోపు ఆవిడ మీద నీళ్ళు కుమ్మరిస్తూ నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఏడుస్తూ తిట్టాను.

బతికింది. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడు.

మూడో రోజు ఆసుపత్రికి నేనూ తొకునాగా గారూ వెళ్ళాం. ఆయన చేతికి కట్టు. ఆవిడ మంచం మీద లేచి కూర్చుని ఉంది, సెలైన్ పెట్టిన చెయ్యి ఊపుతూ నర్సుకి జావ కాయడం చెబుతోంది. మమ్మల్ని చూడగానే మొదలెట్టింది.

"సీసా ఎప్పుడు పెట్టారు?"

"ఆరుకి పావు గంట ముందు."

"తలుపు ఎప్పుడు పగలగొట్టారు?"

"ఏడుకి ఐదు నిమిషాల ముందు."

"ఆ మధ్యలో గంటసేపు ఏం చేశారు?"

ఆయన తల దించుకున్నాడు. "ఊడ్చాను."

"ఎంత వరకు?"

"మీ గుమ్మం మొత్తం."

"మొత్తమా!" అంది ఆవిడ. మామూలుగా అయితే అది జన్మంతా గుర్తుంచుకోవాల్సిన అవమానం. చూస్తుండగానే ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "నేనూ అంతే చేశాను. నిరుడు రెండో రోజు మినెకో గారి గుమ్మంలో పేపర్లు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. చూసేవాళ్ళకి బాగోదని చక్కగా దొంతర పెట్టి, పక్కన ఊడ్చి వచ్చాను. తలుపు కొట్టలేదు."

ఆ గదిలో ఏసీ చల్లగా ఉంది. నాకు ఇక ఆగలేదు, అంతా కక్కేశాను. కుండీల సంగతి, మెట్ల సంగతి, ఆయన టీ సంగతి, నెల్లాళ్ళు నేను నోరు మూసుకుని తమాషా చూసిన సంగతి. నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ తొకునాగా గారి వైపు తిరిగింది.

"ఒక్క గుటకైనా తాగలేదా?"

"లేదండి."

"జావ కూడా?"

"లేదండి."

"ఇంత మర్యాద మనిషివి, నీ మర్యాద తగలెయ్య" అంది. ఆయన నవ్వాడు. నేను ఆయన పళ్ళు చూడటం అదే మొదలు.

ఇంటికొచ్చాక నిద్రనీళ్ళు బందయ్యాయి. నేను హమ్మయ్య అనుకున్నాను. తొందరపడ్డాను. ఇప్పుడు పొద్దున్న ఐదున్నరకి ఆవిడ ఆయన గోడ మీద అప్పడాల కర్రతో బాదుతుంది. "తొకునాగా గారూ! ఉన్నారా?" అని. లోపల్నుంచి "ఉన్నాను!" అని బస్సు స్టాపు పేరు చెప్పినట్టు జవాబు. తర్వాత ఇద్దరూ కలిసి సందులో ఒక్కో తలుపూ బాదుకుంటూ వెళతారు. ఐదున్నరకి! దీపాలార్పి దాక్కునే ఆయన మొదటి రోజు పోలీసుల్ని పిలుస్తానన్నాడు. నాలుగో రోజు నుంచి వీళ్ళు రాకముందే "ఉన్నాను, ఉన్నాను, వెళ్ళండి" అని అరుస్తున్నాడు.

నా షట్టరు కూడా బాదుతారు. ఓ పొద్దున్న నాకు చిర్రెత్తుకొచ్చింది. ముందు రాత్రి పన్నెండింటి దాకా పెళ్ళివారి కిమోనోలు సాపు చేసి పడుకున్నాను. "మసాయో! ఉన్నావా?" అంటే దిండు నెత్తిన పెట్టుకుని పలకలేదు. బాదనీ, అరవనీ, అలిసిపోయి పోతారు అనుకున్నాను. రెండు నిమిషాలు కాలేదు, కింద ధడేలుమని చప్పుడు. దిగి చూస్తే షట్టరు తాళం విరిగి కింద పడి ఉంది. తొకునాగా గారి చేతిలో సుత్తి. షిజుయె గారు చెప్పులతోనే లోపలికి వచ్చేసింది.

"మీకేమన్నా మతిపోయిందా! అది కొత్త తాళం!" అని కేకలేశాను. "మీరు తలుపులు బాదాల్సింది ఒంటరిగా ఉండే ముసలివాళ్ళవి. నావి కాదు!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మరి నువ్వెవరివే?"

నేను జవాబు చెప్పబోయాను. అరవై మూడేళ్ళు. మా ఆయన పోయి పదకొండేళ్ళు. మేడ మీద గదిలో ఒక్కదాన్నే పడుకుంటాను, ఏసీ వెయ్యను, ఇస్త్రీ వేడికి అలవాటు పడ్డదాన్నని.

తాళం బాగుచేయించడం వాళ్ళ పనేనని గట్టిగా చెప్పి పంపించేశాను. మర్నాడు ఐదింటికే మెలకువ వచ్చింది. కిందికి దిగి, షట్టరు వెనక స్టూలు వేసుకుని, వాళ్ళ అడుగుల చప్పుడు కోసం కూర్చున్నాను.